ద్రాక్ష తోట పోయింది, పేరు మిగిలింది

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికతో చదవండి.

హైదరాబాద్‌లో ఆబిడ్స్‌కు ఆ పేరు ఎట్ల వచ్చిందో తెలుసా? ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ దుకాణం పెట్టిండు. ఇప్పుడు దుకాణం లేదు, పేరుంది. మన ద్రాక్షకూ అదే గతి పట్టింది.

ఆబిడ్స్ పక్కనే 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఒకప్పుడు పండ్ల మార్కెట్. ఆ కాలంలో హైదరాబాద్ ద్రాక్ష అంటే అనాబ్-ఎ-షాహీ, అంటే రాజుగారి ద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ దాన్ని ఇక్కడికి తెచ్చిండని ఉద్యాన పుస్తకాలు చెప్తాయి. గింజ ఉన్న పొడుగు పండు, పెద్ద గుత్తి, విపరీతమైన దిగుబడి. చల్లని దేశాల్లో చలికాలం తీగ నిద్రపోతది. మన దగ్గర నిద్రపోదు. అందుకే మనోళ్లు పందిరి వేసి, ఎండాకాలం ఒకసారి కొమ్మ కోసం, వానలు పోయినంక ఒకసారి కాయ కోసం కత్తిరింపు చేసేటోళ్లు.

తర్వాత ఏమైంది? గింజ లేని థాంసన్ రకం వచ్చింది, కొనేటోళ్లు అటు మళ్లిండ్రు. నగరం పెరిగి తోటలు ప్లాట్లయినయి.

ఇప్పుడు ఇటలీ సంగతి చూడండి. ఫ్లోరెన్స్, సియెనా నగరాల నడుమ కొండల్లో కియాంటీ అనే ఎర్ర వైన్ చేస్తరు. సాంజొవేజె అనే నల్ల ద్రాక్ష దానికి ప్రాణం. తాగితే పులుపు, వగరు తగుల్తయి. అక్కడ కూడా చాలామంది సగం పంట దొరకు ఇచ్చి పాలుకు చేసినోళ్లే. 1716లోనే అక్కడి పాలకుడు మూడో కోసిమో, ఏ ఊర్ల వైన్‌కు ఆ పేరు వాడాల్నో హద్దులు గీసిండు. 1872లో రికాసోలీ అనే భూస్వామి ఏ ద్రాక్ష ఎందుకు కలపాల్నో లెక్క రాసిండు.

అయినా వాళ్లకూ దెబ్బ తగిలింది. 1932లో ప్రభుత్వం హద్దులు బాగా పెంచింది. 1967 నిబంధనల్లో తెల్ల ద్రాక్ష కలుపుడు తప్పనిసరి చేసిండ్రు. సరుకు పలుచనై పేరు చెడ్డది. పాత ఊర్లోళ్లు మాత్రం 1924లోనే నల్ల కోడిపుంజు గుర్తుతో సంఘం పెట్టుకున్నరు. తమ సరుకును 'క్లాసికో' అని వేరు చేసుకున్నరు. 1984లో నిబంధనలు గట్టిపడ్డయి. 2006 నుంచి క్లాసికోలో తెల్ల ద్రాక్ష పూర్తిగా బంద్.

తేడా ఎక్కడుందో గమనించండి. మన రైతుకు పంట తీసుడు తెల్వక కాదు. కియాంటీ అనేది ప్రాంతం పేరు, దానికి కాపలా ఉండే సంఘం ఉంది. అనాబ్-ఎ-షాహీ రకం పేరు మాత్రమే. దాన్ని మన నేలకు కట్టేసినోళ్లు లేరు. నాసిక్ వాళ్లు మాత్రం తమ ద్రాక్షకు, వైన్‌కు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నరు.

మనకూ తాండూరు కందికి 2022లో, వరంగల్ చపాట మిర్చికి 2025లో ఆ గుర్తింపు వచ్చింది. సర్టిఫికెట్ వచ్చిందని చేతులు కట్టుకొని కూసుంటే లాభం లేదు. వేరే జాగ సరుకు కలిపి అదే పేరుతో అమ్మితే మొదట మునిగేది మనమే. సంఘంగా కూడి, సంచి మీద గుర్తు వేసి, కల్తీని మనమే ఆపాలె. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉద్యాన శాఖ ఆఫీసు ఉంది. మీ పండ్లకు, కూరగాయలకు, మిర్చికి ఏ అవకాశముందో పోయి అడగండి. మీ ఊరి పేరుతో పిలిచే పంట ఏదన్న ఉంటే కింద రాయండి.