దొందూ దొందే

రెండు వస్తువులకో ఇద్దరు మనుషులకో మధ్య ఉన్న తేడా లెక్కలోకి రానిదని తేల్చడానికి తెలుగులో వాడే నుడికారం. ‘రెండూ రెండే’ అన్నమాట నత్తి నోట పడి ఇలా మారిందని చెబుతారు. దీనికి జనం నోట ఒక కథ ఉంది. నత్తి ఉన్న అక్కాచెల్లెళ్ళను పెళ్ళిచూపుల్లో నోరు విప్పొద్దని పెద్దలు కట్టడి చేస్తారు. ఒకమ్మాయి చీమను చూసి ఆపుకోలేక ‘తీమ’ అంటుంది, రెండోది ఆమెను మందలించబోయి తానూ దొరికిపోతుంది. చివరికి ‘దొందూ దొందే’ అన్నవాడికీ నత్తే. కథ ఊరికో రకంగా సాగుతుంది. తీర్పు చెప్పినవాడూ అదే కోవలో చేరడమే ఇందులోని అసలు అందం.

ఇదే అర్థంలో వాడే ‘ఆ తానులో ముక్కే’ అన్నది నేతపని నుంచి వచ్చింది. తాను అంటే మగ్గం నుంచి దించిన, ఇంకా కత్తిరించని బట్ట. ఎక్కడ కత్తెర వేసినా అదే నూలు, అదే నేత, అదే రంగు. అందుకే అన్నదమ్ముల బుద్ధుల గురించీ, ఒకే పార్టీ నాయకుల గురించీ మాట్లాడేటప్పుడు ఇది ఇట్టే అతుకుతుంది. కానీ మెచ్చుకోలుగా వాడటం అరుదు.

‘ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి’ అన్న సామెతలో ఇంకాస్త చేదుంది. ఇక్కడ పోలిక వస్తువుల్లో కాదు, ఫలితంలో. రాళ్ళు నున్నగా ఉన్నా గరుకుగా ఉన్నా పోయేది పళ్ళే. ఎన్నికల రోజుల్లో తరచూ వినిపిస్తుంది.

తేడా కొద్దిగా ఉందని ఒప్పుకుంటే ‘వెంట్రుకవాసి’ అంటారు. పోలికే కుదరదనడానికి ‘హస్తిమశకాంతరం’ (ఏనుగుకీ దోమకీ ఉన్నంత తేడా), ‘నక్కకీ నాకలోకానికీ (స్వర్గానికీ) ఉన్నంత తేడా’ ఉన్నాయి.