నీటితో క్షార మృత్తిక లోహాల చర్య: సున్నపు బట్టీ నుంచి ప్రయోగశాల దాకా

బెరిలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం అనే ఆరు మూలకాలను క్షార మృత్తిక లోహాలంటారు. బెరిలియం తప్ప మిగిలినవి నీటితో కలిసి హైడ్రోజన్‌ను వెలువరిస్తాయి. వీటిలో నాలుగు లోహాలని తేలి రెండు శతాబ్దాలు దాటింది. కాల్షియం ఆక్సైడు అయిన సున్నాన్ని నీటితో కలిపి గోడలు కట్టే విద్య మాత్రం వేల ఏళ్ల నాటిది. ఓరుగల్లు సీమలోనూ దాని ఆనవాళ్లున్నాయి.

పొడి సున్నం, తడి సున్నం

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడి సున్నం మిగులుతుంది. ఆ గడ్డల మీద నీళ్లు పోస్తే బుసబుసమంటూ పగిలి, ఆవిరి కక్కి, ఉబ్బి పిండిలా రాలిపోతాయి. అదే తడి సున్నం. స్వచ్ఛమైన పొడి సున్నం 56 కిలోలు 18 కిలోల నీటిని కలుపుకొని 74 కిలోల తడి సున్నమవుతుంది. దీన్ని ఇసుకతో కలిపి గానుగలో రుబ్బితే డంగు సున్నం తయారవుతుంది. కట్టుబడిలో చేరాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకొని తిరిగి కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది.

కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఓరుగల్లు సీమలోని పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. పునాది గోతిని ఇసుక, సున్నం, బెల్లం, కరక్కాయల మిశ్రమంతో నింపారని వారసత్వ నిపుణులు వివరిస్తారు. ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

లోహాల ఆవిష్కరణ

సున్నపురాయి కాలినప్పుడు ఒక వాయువును కోల్పోతుందని స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించాడు. సున్నం వంటివి ఏదో లోహపు ఆక్సైడులై ఉంటాయని 1789లో లెవోషియే ఊహించాడు. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు, పాదరసాల సాయంతో కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, మెగ్నీషియంలను వేరు చేసి ఆ ఊహ నిజమని తేల్చాడు. వోలర్, బుస్సీ 1828లో విడివిడిగా బెరిలియం లోహాన్ని సాధించారు. క్యూరీ దంపతులు 1898లో కనుగొన్న రేడియంను మేరీ క్యూరీ, దెబియేర్న్ 1910లో లోహరూపంలో రాబట్టారు.

గ్రూపులో క్రమం

ఆవర్తన పట్టికలోని ఈ గ్రూపులో పై నుంచి కిందికి వెళ్లేకొద్దీ నీటితో చర్య తీవ్రమవుతుంది. పరమాణువు పెద్దదై, బయటి రెండు ఎలక్ట్రాన్లను కేంద్రకం గట్టిగా పట్టి ఉంచలేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. మెగ్నీషియం చన్నీళ్లలో దాదాపు కదలదు. వేడినీళ్లలో నెమ్మదిగా, ఆవిరిలో ఉధృతంగా చర్య జరుపుతుంది. కాల్షియం ముక్క మొదట బీకరు అడుగుకు చేరుతుంది. దాన్ని అంటుకున్న హైడ్రోజన్ బుడగలు పైకి లేపుతుండగా, ఏర్పడిన కాల్షియం హైడ్రాక్సైడు (తడి సున్నం) కొద్దిగానే కరుగుతుంది కాబట్టి నీళ్లు పాలలా తెల్లబడతాయి. బేరియం హైడ్రాక్సైడు ఇంతకన్నా చాలా ఎక్కువగా కరుగుతుంది.

నేటి అవసరం

పాత రాతి, ఇటుక కట్టడాల మరమ్మతుకు సిమెంటు కన్నా సున్నమే తగింది. సిమెంటు మరీ గట్టిది, తేమను లోపలే బంధిస్తుంది. సున్నపు పూత మాత్రం గోడకు ఊపిరాడనిస్తుంది. అందుకే సున్నాన్ని సరైన పాళ్లలో నీటితో కలిపి, తగినన్నాళ్లు మాగనిచ్చే నేర్పు మేస్త్రీల చేతుల్లో నిలవాలి. కాకతీయుల నాటి కట్టడాల్ని తరతరాలకు అందించాలంటే ఆ నేర్పు తప్పనిసరి.