ద్రాక్షకు అరువు వేళ్ళు

ద్రాక్షసారాను చప్పరించి, అది ఏ తోటదో చెప్పగల రసికులు ఫ్రాన్సులో ఉన్నారు. ఆ దేశంలోనే 1863 ప్రాంతాన ద్రాక్షతోటలు ఎండిపోసాగాయి. 1868లో ప్లాంషాన్ ప్రభృతులు వేళ్ళు తవ్వి చూస్తే ఏముంది? పసుపుపచ్చని సన్నపేలు! అమెరికా మొక్కలతో వచ్చిన ఫిలాక్సెరా అది.

తోటలు నీట ముంచారు, భూమిలోకి మందు ఎక్కించారు, అన్నిచోట్లా సాగలేదు. చివరకు పేనును తట్టుకునే అమెరికా తీగెల వేళ్ళపై తమ రకాలను అంటుకట్టారు. సారా రుచి చెడుతుందని కొందరు జంకారు. కాని కాయ గుణం పై కొమ్మది గదా!

అయితే ప్రతి వేరునూ నమ్మరాదు సుమండీ! కాలిఫోర్నియాలో సగం ఐరోపా సంకరమైన ఏఎక్స్‌ఆర్-1 వేరు 1980 దశకంలో పేనుకు లొంగింది. వేలాది ఎకరాలు తిరిగి నాటుకోవలసి వచ్చింది. కనుక అంటు కొనేటప్పుడు పైరకమే కాదు, కింద ఉన్న వేరు ఏ రకమో కూడా అడగండి.