దేహభార వ్యాయామ సాధనాలు

శరీరపు సొంత బరువునే భారంగా ఉపయోగించి కండరాలకు బలం చేకూర్చే కసరత్తును దేహభార వ్యాయామం అంటారు. దండీలు, బస్కీలు, కడ్డీని పట్టుకొని శరీరాన్ని పైకి లాగుకొనే పుల్-అప్‌లు ఈ కోవకు చెందుతాయి. ఇనుప గుండ్లు, యంత్రాలు అక్కరలేదు కనుక వీటిని ఇంటివద్దనే సాధన చేయవచ్చును. ఇందుకు ఉపకరించే కొద్దిపాటి సాధనాలు, సిద్దిపేట వంటి పట్టణాలలోని ఇండ్లకు తగినట్లుగా వాటి ఎంపిక ఈ వ్యాసంలోని విషయం.

నేపథ్యం

వ్యాయామశాలను తెలంగాణలో తాలీంఖానా అనీ, కోస్తా జిల్లాలలో గరిడీ అనీ వ్యవహరించేవారు. కలియుగ భీముడుగా ప్రసిద్ధి చెందిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేసిన తరువాతనే సర్కసు సంస్థను నెలకొల్పాడు. తాలీంఖానాలలో దండీలు, బస్కీలే ప్రధాన సాధన.

దండీ తీసే భంగిమలో చేతులపై శరీర బరువులో సుమారు 64 శాతం పడుతుంది. మోకాళ్ళు నేలకు ఆనిస్తే ఇది దాదాపు సగానికి తగ్గుతుంది. కాళ్ళను ఎత్తైన పీటపై పెడితే పెరుగుతుంది. అనగా భారాన్ని మార్చడానికి కొత్త వస్తువు కొననక్కరలేదు, భంగిమ మార్చితే చాలును.

ఎంపిక

దండీలు నెట్టే కండరాలకు, బస్కీలు కాళ్ళకు పని కల్పిస్తాయి. వీపును, ముంజేతులను బలపరిచే లాగుడు వ్యాయామానికి మాత్రం నేల చాలదు, పట్టుకొని వ్రేలాడే ఆధారం కావాలి. కావున మొదట కొనదగినది కడ్డీయే. జిమ్నాస్టిక్స్ పోటీలలో పురుషుల కడ్డీ మందం 28 మిల్లీమీటర్లు. ఇంటికీ ఇంచుమించు ఇదే పట్టుకు అనువుగా ఉంటుంది.

దర్వాజా మధ్య మర తిప్పి బిగించే కడ్డీ చవక. కానీ అది కేవలం ఒరిపిడిపై నిలుస్తుంది. చెక్క పాతదైనా, నునుపైన రంగు వేసినా జారవచ్చును. వెనుకకు పడితే తలకు, మెడకు గాయమవుతుంది. గోడకు లేదా బీముకు బోల్టులతో బిగించినదే మేలు. పాత పెంకుటిండ్లలో దూలానికి ఉండే ఉయ్యాల కొక్కేలను వాడదలచినవారు ముందుగా వడ్రంగికి చూపించాలి. ఫ్యాను కొక్కేన్ని ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. 60 కిలోల మనిషి కదలక వ్రేలాడితే 60 కిలోల భారమే పడుతుంది; ఊగితే పెరుగుతుంది. తాడు అడ్డంగా ఉన్న స్థితి నుండి వదలితే అడుగుభాగంలో అది మూడు రెట్లవుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులు లెక్కకట్టవచ్చును.

కడ్డీ తరువాత చెక్క రింగులు. పట్టీల పొడవు మార్చుకోవచ్చును గనుక పుల్-అప్ చేయలేనివారు వాటిని దించి, పాదాలు నేలకు ఆనించి, ఏటవాలుగా లాగుకోవచ్చును. రబ్బరు బ్యాండ్లు కూడా ప్రారంభకులకు ఉపయోగమే. అయితే ఎండకు రబ్బరు పగుళ్ళిస్తుంది, మన వేసవిలో మిద్దెపై వదలిన బ్యాండు ఎక్కువకాలం మన్నదు. తెగితే కంటికి ప్రమాదం కనుక ప్రతిసారీ సాగదీసి చూడాలి. పొట్ట తగ్గిస్తాయని అమ్మే చక్రాలకు, స్ప్రింగులకు వ్యయం చేయడం అనవసరం. ఒకేచోట కొవ్వు కరిగించే వ్యాయామం లేదు.

జాగ్రత్తలు

ఊపిరి బిగబట్టి లాగితే రక్తపోటు తాత్కాలికంగా పెరుగుతుంది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సంప్రదించిన పిదపనే మొదలుపెట్టాలి. పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 65 ఏళ్ళు దాటినవారు కడ్డీ జోలికి పోకుండా, గోడకు ఆనించిన కుర్చీ నుండి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడంతో ఆరంభించవచ్చును.