కండెన్సర్‌కు ఎన్ని నీళ్లు కావాలి?

కెమిస్ట్రీ ల్యాబులో రిఫ్లక్స్ పెట్టగానే కుళాయి బాగా తిప్పేయడం చాలామందికి అలవాటు. నిమిషానికి లీటరు చొప్పున వదిలినా ఎనిమిది గంటల్లో 480 లీటర్లు సింకులోకి పోతాయి. అన్ని నీళ్లు అవసరమా?

ఫ్లాస్కులోని ఇథనాల్‌కు 200 వాట్ల వేడి అందుతోందనుకుందాం. అదంతా ఆవిరితో పాటు కండెన్సర్‌కే చేరినా, నిమిషానికి లీటరు నీళ్లు వేడెక్కేది 3 డిగ్రీల లోపే. ధారను 200 మిల్లీలీటర్లకు తగ్గిస్తే 14 డిగ్రీలు. అంటే 25 డిగ్రీల దగ్గర లోపలికెళ్లిన నీరు 39 దగ్గర బయటికొస్తుంది. ఇథనాల్ మరిగేది 78 డిగ్రీల వద్ద కాబట్టి తేడా ఇంకా చాలానే ఉంది.

ఇది వేడి జమాఖర్చు మాత్రమే. ఆ వేడి ఎంత త్వరగా నీటికి చేరుతుందన్నది వేరే సంగతి. గాజు ఉష్ణవాహకత రాగి కంటే మూడు వందల రెట్లకు పైగా తక్కువ. ధార ఎంత పెంచినా ఆ గోడ అడ్డు తగ్గదు. అందుకే ఆలీన్ కండెన్సర్‌లో బుడగల వరుసతో ఉపరితలాన్ని పెంచారు. రిఫ్లక్స్‌కు అది బాగుంటుంది. వాలుగా పెట్టి డిస్టిలేషన్ చేస్తే మాత్రం బుడగల్లో ద్రవం నిలిచిపోతుంది, అక్కడ తిన్నని లీబిగ్ గొట్టమే నయం. (లీబిగ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు; ఆ తరహా పరికరాన్ని వైగెల్ 1771లోనే వర్ణించాడు.)

ధార సరిపోయిందో లేదో కండెన్సరే చూపిస్తుంది. లోపలి గొట్టంలో తడి మెరుపు ఒక వలయంలా పైకి పాకి, ఒకచోట ఆగుతుంది. అది కింది మూడో వంతులోనే నిలిస్తే కుళాయి ఇంకాస్త కట్టేయవచ్చు. సగం దాటి పైకి పోతుంటే ముందు హీటింగ్ తగ్గించాలి. ఏం చేసినా నీళ్లు కింది నుంచే ఎక్కాలి, అప్పుడే జాకెట్ గాలి లేకుండా నిండుతుంది. సన్నధారకు ఒక ప్రమాదముంది: కుళాయి ప్రెషర్ పడిపోతే పూర్తిగా ఆగిపోవచ్చు. మనిషి కాపలా లేని రిఫ్లక్స్‌కు దీన్ని నేను సిఫారసు చేయను.

ఈథర్ దగ్గర ఈ లెక్క పనికిరాదు. అది 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మన మే నెల ఎండకు ట్యాంకు నీళ్లే అంత వేడెక్కితే, ఎంత ధార వదిలినా ఆవిరి పైనుంచి తప్పించుకుంటుంది. అప్పుడు చిల్లరు కావాలి, లేదా ఐసు బకెట్లో చిన్న పంపు పెట్టి అవే నీళ్లు తిప్పాలి. 200 వాట్లకు గంటకు రెండు కిలోల పైచిలుకు ఐసు కరుగుతుంది.