కార్యక్రమం ముగిశాక మొదలయ్యే లెక్క: విశ్వవిద్యాలయ ఈవెంట్ వ్యవస్థలు, ప్రజా భాగస్వామ్య నివేదికలు

ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాలు ఏటా హెచ్‌ఈ-బీసీఐ అనే సర్వేకు వివరాలు పంపుతాయి. పరిశ్రమలతో ఒప్పందాలు, పేటెంట్లు, స్టార్టప్ కంపెనీలతో పాటు బయటి ప్రజలకోసం నడిపిన కార్యక్రమాలనూ ఆ సర్వే అడుగుతుంది. చాలా ఏళ్లుగా నడుస్తున్న రూపం ప్రకారం బహిరంగ ఉపన్యాసాలు, సంగీత నాటక ప్రదర్శనలు, ఎగ్జిబిషన్లు, మ్యూజియం పాఠాలు, ఇతరాలు అని విభాగాలుంటాయి. ఉచితంగా వచ్చినవారెందరు, డబ్బు చెల్లించి వచ్చినవారెందరు, అధ్యాపకులు ఎన్ని రోజులు వెచ్చించారు అన్నవి ఒక్కో విభాగానికీ రాయాలి. లెక్క ఆగస్టు 1న మొదలై మరుసటి జులై 31న ముగుస్తుంది.

ఒప్పందాల మొత్తానికి ఫైనాన్స్ ఆఫీసులో రసీదులుంటాయి, పేటెంటుకు దరఖాస్తు నంబరు ఉంటుంది. ఒక సాయంత్రం ఉపన్యాసం విని ఇళ్లకు వెళ్లిపోయినవారి సంఖ్యకు మాత్రం అలాంటి కాగితమేదీ సహజంగా పుట్టదు. ఆ ఆధారాన్ని పుట్టించాల్సిన బాధ్యత ఇప్పుడు విశ్వవిద్యాలయాల ఈవెంట్ సాఫ్ట్‌వేర్ మీద పడింది. దాన్ని ఎలా మార్చాలన్న చర్చలో గ్రాఫులు, డ్యాష్‌బోర్డులు ముందుకొస్తాయి. నా దృష్టిలో అవి చివరి పని. జరిగిన ప్రతి కార్యక్రమాన్నీ జరిగిన వారంలోపే, హాజరును ఎలా లెక్కించారో కూడా చెబుతూ ముగించి మూసే నమోదు ఉండాలి. అది లేని వ్యవస్థకు ఎంత ఖర్చుపెట్టినా నివేదిక నమ్మదగినది కాదు.

ప్రజల దగ్గరకు వెళ్లడం విశ్వవిద్యాలయాలకు కొత్త కాదు. జేమ్స్ స్టువర్ట్ చొరవతో కేంబ్రిడ్జ్ 1873లోనే నాటింగ్‌హామ్, డెర్బీ, లెస్టర్ పట్టణాలకు విస్తరణ ఉపన్యాసాలను పంపింది. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ క్రిస్మస్ ఉపన్యాసాలు అంతకంటే పాతవి, 1825లో మొదలయ్యాయి. కొత్తగా వచ్చింది లెక్క చెప్పాల్సిన బాధ్యత. శాస్త్రాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పడం శాస్త్రవేత్తల విధి అని 1985లో రాయల్ సొసైటీ బాడ్‌మర్ నివేదిక అంది. చెప్పడమొక్కటే చాలదు, సంభాషణ కావాలని 2000లో ప్రభువుల సభ కమిటీ నివేదిక అంది. 2008లో ప్రజా భాగస్వామ్యాన్ని పెంచడానికి ఆరు ‘బీకన్’ కేంద్రాలు, వాటిని సమన్వయపరచడానికి బ్రిస్టల్‌లో జాతీయ సమన్వయ కేంద్రం ఏర్పడ్డాయి. పరిశోధనల నాణ్యతను తూచే ఆర్‌ఈఎఫ్‌లో సమాజంపై ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. 2021 మార్చిలో తొలిసారి వెలువడిన, జ్ఞానాన్ని బయటి సమాజంతో పంచుకునే తీరును తూచే కేఈఎఫ్‌లో ప్రజా, సామాజిక భాగస్వామ్యం ఒక ప్రత్యేక కోణంగా చేరింది. అడిగేవారు ఇన్ని వైపుల నుంచి పెరిగినా జవాబు చెప్పాల్సిన సాఫ్ట్‌వేర్ మాత్రం నోటీసు బోర్డుగానే ఉండిపోయింది.

దీనికి కారణం క్యాలెండర్ ప్రమాణాల్లోనే కనిపిస్తుంది. ఔట్‌లుక్, గూగుల్ క్యాలెండర్ల నుంచి విశ్వవిద్యాలయ ఈవెంట్ల జాబితాల దాకా తేదీలు ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే ఐక్యాలెండర్ ప్రమాణం, 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545, ఒక ఈవెంటుకు మూడే స్థితులు ఇస్తుంది: ఇంకా ఖరారు కాలేదు, ఖరారైంది, రద్దయింది. ‘పూర్తయింది’ అన్న స్థితి అదే ప్రమాణంలో ఉంది కానీ చేయాల్సిన పనుల జాబితాకే వర్తిస్తుంది, ఈవెంటుకు వర్తించదు. ఆహ్వానితుడు వస్తానన్నాడా, రానన్నాడా, ఇంకా తేల్చలేదా అన్నది రాసుకోవచ్చు. వచ్చాడా అన్నది రాసే చోటు లేదు. సెర్చ్ ఇంజిన్లకోసం వాడే స్కీమా.ఆర్గ్‌లోనూ స్థితులు ఇదే తీరులో ఉన్నాయి: జరగబోతోంది, వాయిదా పడింది, తేదీ మారింది, రద్దయింది. కోవిడ్ కాలంలో, 2020లో, ‘ఆన్‌లైన్‌కు మారింది’ అన్నది చేర్చారు. జరిగిపోయినదాన్ని చెప్పే స్థితి అందులోనూ లేదు. ఈ ప్రమాణాలను తప్పుపట్టలేం, అవి రాబోయేదాన్ని చాటడానికి పుట్టినవి. వాటిపై కట్టిన వ్యవస్థను గడిచినదాని గురించి అడిగితే అది బుకింగుల సంఖ్య చేతిలో పెడుతుంది. దాన్నే హాజరుగా పంపేస్తారు.

దీని ఫలితం తెలియడానికి ఒక నమోదును ఊహించి దగ్గరగా చూద్దాం. భూవిజ్ఞాన శాఖవారు శనివారం మధ్యాహ్నం విశ్వవిద్యాలయ మ్యూజియంలో పిల్లలకు, తల్లిదండ్రులకు శిలాజాలు చూపించారు. ఉచిత బుకింగులు 140. వర్షం పడింది. గుమ్మం దగ్గర చేతిలో క్లిక్కర్‌తో నిలబడిన వాలంటీరు లెక్క ప్రకారం వచ్చినవారు 83 మంది, వారిలో కొందరు బుకింగ్ లేకుండా మ్యూజియం చూడ్డానికి వచ్చి లోపలికి తొంగిచూసినవారే. ఇద్దరు అధ్యాపకులు ఆ పూటంతా ఉన్నారు, ముందురోజు నమూనాలు సర్దారు. ముగ్గురు పరిశోధక విద్యార్థులు సాయం చేశారు.

పాత వ్యవస్థలో దీనికి మిగిలేవి పేరు, తేదీ, గది, 140. సర్వే గడువు దగ్గరపడ్డాక ప్రణాళికా విభాగం నుంచి శాఖకు ఒక ఈమెయిల్ వెళ్తుంది. నెలల తర్వాత అధ్యాపకుడికి గుర్తున్నది హాలు సందడిగా ఉందన్న సంగతే, అందుకని 140 అలాగే ఉండిపోతుంది. ఇంకో పక్క మ్యూజియంవారు ఆ రోజు సందర్శకులను తమ పాఠాల పద్దు కింద చూపిస్తారు. అవే పిల్లలు ఒకసారి మ్యూజియం విద్య కింద, ఇంకోసారి ‘ఇతరాలు’ కింద కనిపిస్తారు. అధ్యాపకుల రోజుల గడి ఖాళీగా ఉంటుంది, లేదా అంచనాతో నిండుతుంది.

కొత్త వ్యవస్థలో ఇదే నమోదుకు ఇంకొన్ని గడులు చాలు. కార్యక్రమం జరిగిందా అన్నది మొదటిది. బుకింగులు ఒక గడిలో, హాజరు వేరే గడిలో ఉండాలి. హాజరు పక్కన లెక్కించిన పద్ధతి తప్పనిసరి: టికెట్ స్కాన్, మనిషి లెక్క, అంచనా, తెలియదు. నివేదికకు బాధ్యత వహించే శాఖ ఒక్కటే ఉండాలి. కలిసి నడిపినవారి పేర్లు ఎన్నయినా ఉండొచ్చు, కూడికలో మాత్రం కార్యక్రమం ఒక్కసారే రావాలి. పరిశోధక విద్యార్థుల సమయాన్ని అధ్యాపకుల రోజుల్లో కలపకుండా విడిగా ఉంచితే రేపు నిబంధన మారినా రికార్డు పనికొస్తుంది. ఎగ్జిబిషన్లకు రోజువారీ లెక్క అవసరం. జూన్‌లో తెరిచి సెప్టెంబరులో మూసేదాన్ని జులై 31 దగ్గర రెండుగా విడగొట్టాలంటే ముగింపు రోజు రాసిన ఒకే సంఖ్య సరిపోదు.

‘తెలియదు’ అన్న ఎంపికను వదులుకోకూడదని గట్టిగా చెబుతాను. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో కూడిక ఆదేశం ఖాళీ గడులను వదిలేసి మిగిలినవాటి మొత్తాన్ని ఇస్తుంది. అందువల్ల సగం కార్యక్రమాలకు హాజరు రాయకపోయినా డ్యాష్‌బోర్డు మీద పూర్తి సంఖ్యలాంటిదే కనిపిస్తుంది. ఖాళీలు కనబడకూడదని ఇంకొందరు వాటిలో సున్నా నింపుతారు. సున్నా అంటే ఎవరూ రాలేదని అర్థం. రెండు పద్ధతులూ శ్రమపడి వచ్చిన మనుషులను రికార్డు నుంచి చెరిపేస్తాయి. ప్రతి మొత్తం పక్కనా ఎన్ని కార్యక్రమాల లెక్క తెలుసు, ఎన్నింటిది తెలియదు అన్నది చూపించడం ఖర్చులేని సంస్కరణ.

ఈ గడులు ఎవరు నింపాలన్నది సాంకేతిక సమస్య కాదు, పని విభజన సమస్య. ఉపన్యాసకుడి మీద వదిలేస్తే పని సాగదు. గది బుక్ చేసి, కుర్చీలు వేయించిన నిర్వాహకులకే మర్నాడు ఉదయం ఫోన్‌కు ఒక లింకు వెళ్లాలి, రెండు మూడు నిమిషాల్లో మూసేసేంత చిన్న ఫారం రావాలి. మూయని నమోదులు శాఖాధిపతికి నెలకోసారి కనిపించాలి. అధ్యాపకులకు దీనివల్ల తిరిగి దక్కేది కూడా ఉండాలి. పరిశోధన సమాచారాన్ని నిల్వచేసే ప్యూర్, సింప్లెక్టిక్ వంటి వ్యవస్థల్లోకి ఆ నమోదు పరిశోధకుల ఓర్కిడ్ గుర్తింపు ద్వారా చేరిపోతే పదోన్నతి దరఖాస్తులో దాన్ని మళ్లీ టైపు చేయనక్కర్లేదు. ఆర్‌ఈఎఫ్‌కు జనం వచ్చారని చెప్పడం సరిపోదు, ఏదో మారిందని చూపాలి. సభికులతో తర్వాత సాగిన పనిని, వారి అభిప్రాయాలను అదే నమోదుకు జతచేసే వీలుంటే ఏళ్ల తర్వాత ఆధారాల వేట తగ్గుతుంది.

ఎంత సేకరించాలన్నదానికీ హద్దుంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ నిబంధన జీడీపీఆర్ అవసరానికి మించి వ్యక్తిగత సమాచారం తీసుకోవద్దంటుంది. సర్వేకు కావలసింది సంఖ్య, పేర్లు అక్కర్లేదు. సభికులు స్థానికులా కాదా తెలుసుకోవాలంటే బ్రిటిష్ పోస్ట్‌కోడ్‌లో మొదటి సగం చాలు, ఇల్లు గుర్తుపట్టనవసరం లేదు. కార్యక్రమం మూసిన కొద్దివారాలకు బుకింగ్ పేర్లు వాటంతటవే చెరిగిపోయి సంఖ్యలే మిగిలేలా వ్యవస్థను అమర్చాలి. పిల్లలు వచ్చే కార్యక్రమాల్లో ఇది మరీ ముఖ్యం.

మన విశ్వవిద్యాలయాలకూ ఈ చర్చ దూరమైనది కాదు. బోధన, పరిశోధనల సరసన విస్తరణను మూడో బాధ్యతగా యూజీసీ 1977లోనే గుర్తించింది. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ మూడో ప్రమాణం కింద గత ఐదేళ్ల విస్తరణ కార్యక్రమాల సంఖ్యలు, వాటికి ఆధారాలు అడుగుతూ వచ్చింది. అందుకే ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాల దగ్గర జియోట్యాగ్ ఫొటోలు తీయడం అలవాటైంది. జాతీయ ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో ఔట్‌రీచ్ పేరు మోసే పద్దు మాత్రం ఇతర రాష్ట్రాల విద్యార్థులు, మహిళలు, ఆర్థికంగా సామాజికంగా వెనుకబడినవారు, దివ్యాంగుల వసతులను చూస్తుంది, బహిరంగ సభలను చూడదు. ఫొటో ఎక్కడ, ఎప్పుడు అన్నది చెబుతుంది. ఊరివారు ఎందరు వచ్చారో, విద్యార్థులే కుర్చీలు నింపారో చెప్పదు. హైదరాబాద్, విశాఖ, తిరుపతి క్యాంపస్‌లలో విస్తరణ ఉపన్యాసాల రికార్డుకు పైన చెప్పిన గడులు ఒక గూగుల్ ఫారంలోనైనా ఇమిడిపోతాయి. ఐదేళ్లకోసారి ఫైళ్లు తిరగేసే శ్రమకంటే అది తేలిక. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్ట్యా పేర్ల విషయంలో ఇక్కడా అదే జాగ్రత్త కావాలి.

మార్పిడిలో అసలు చిక్కు పాత సమాచారంతో వస్తుంది. కొత్త వ్యవస్థలోకి దాన్ని తేవచ్చు, కానీ పాత హాజరు సంఖ్యలన్నింటికీ ‘పద్ధతి తెలియదు’ అన్న గుర్తు వేసే తేవాలి. బుకింగుల స్థానంలో నిజమైన హాజరు వచ్చిన మొదటి సంవత్సరం మొత్తం తగ్గుతుంది. ఆ తగ్గుదల వైస్‌చాన్సలర్ కార్యాలయానికి ముందే వివరించి ఉండాలి, లేకపోతే పాత అంకెకు తిరిగి వెళ్దామన్న ఒత్తిడి వస్తుంది. ఒక పూర్తి నివేదిక సంవత్సరం పాటు రెండు పద్ధతులూ పక్కపక్కనే నడపాలి. ఆ ఏడాది నివేదికలో పాత పద్ధతి మొత్తాన్ని, కొత్త పద్ధతి మొత్తాన్ని, వాటి మధ్య తేడాలో బుకింగుల వల్ల ఎంత, రెండుసార్లు లెక్కపెట్టడం వల్ల ఎంత, తెలియని హాజరు వల్ల ఎంత అన్నదాన్ని ఒకే పేజీలో ముద్రించాలి.