తగరపువలస మిలటరీ నాన్నలు

తగరపువలస చరిత్ర ఎవరు చెప్పినా గోస్తనీతో మొదలుపెట్టి చిట్టివలస జూట్ మిల్లు దగ్గర ఆపుతారు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ తాటిపూడి మీదుగా వచ్చి, మన ఊరు దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మిల్లు 2009లో మూతపడింది. ఈ చరిత్రలో ఇంకా ఎక్కాల్సినవాళ్లు ఉన్నారు. వాళ్లు మిలటరీకి వెళ్లి, పెన్షన్‌తో తిరిగొచ్చి, మన వీధుల్లోనే కన్నుమూసినవాళ్లు. మా నాన్నగారు వాళ్లలో ఒకరు.

ఆయన బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరారు. వంతెనలు కట్టడం, మందుపాతరలు ఏరెయ్యడం, వెనక వచ్చే దళాలకు దారి వెయ్యడం వాళ్ల పని. 1971 డిసెంబరులో ఆయన పడమటి సరిహద్దులో ఉన్నారు. ఉత్తరాలకు చిరునామా ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అన్న సైనిక తపాలా గుర్తు ఒక్కటే. మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో ఇంట్లోవాళ్లకు తెలిసేది కాదు. ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట పేలి మునిగిపోయింది. అక్కడ ఆయన ఎలా ఉన్నారోనని అమ్మ బెంగపడుతుంటే, విశాఖ వార్త విని ఇక్కడ మేం ఎలా ఉన్నామోనని ఆయన బెంగపడ్డారట. ఆ తర్వాత వచ్చిన కార్డులో యుద్ధం ఊసే లేదు. పిల్లలకు జ్వరం తగ్గిందా, మనియార్డరు అందిందా అని మాత్రం అడిగారు.

ఏడాదికి రెండు నెలల సెలవులో పిల్లల్ని పెంచిన తండ్రులు ఈ మిలటరీవాళ్లు. మిగతా పది నెలలూ అమ్మలే తండ్రులు కూడా. ఆ లెక్క నాన్నగారు ఎప్పుడూ మరిచిపోలేదు. పెన్షన్ వచ్చాక ఆయన చేసిన పెద్ద పని జవాన్ల భార్యల కాగితాలు సరిచేయించడం. సర్వీసు రికార్డులో అప్పలనరసమ్మ అని, ఆధార్‌లో నరసమ్మ అని ఉంటే ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుంది. పెళ్లినాటి పేరు, పుట్టిన తేదీ, ఉమ్మడి ఖాతా, ఏది తప్పినా తిరుగుళ్లే. భర్త బతికుండగానే ఇవన్నీ చూసుకోమని ఇంటింటికీ వెళ్లి చెప్పేవారు. రాయడం రానివాళ్లకు అర్జీ తానే రాసి, విశాఖలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లేవారు. బస్సు చార్జీ ఇస్తామంటే కోప్పడేవారు.

ఆయన పోయాక నల్ల ట్రంకుపెట్టె తెరిచాం. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. లోపల డిశ్చార్జి పుస్తకం, రెండు మెడల్స్, అమ్మ రాసిన ఉత్తరాల కట్ట. అడుగున ఒక నోటుపుస్తకం ఉంది. మన చుట్టుపక్కల మాజీ సైనికుల పేర్లు, రెజిమెంట్లు, భార్యల పేర్లు వరసగా రాసుకున్నారు. పెన్షన్ మంజూరైన పేరు పక్కన టిక్కు పెట్టారు. అంత్యక్రియలకు ఆ నోటుపుస్తకంలోని మనుషులే వచ్చారు. కర్ర ఊతంతో వచ్చిన ఓ హవల్దార్ మామ ఆ కర్ర పక్కన పెట్టి, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు.

విశాఖ ఆర్కే బీచ్‌లో 1971 నావికా విజయానికి స్మారకం ఉంది. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఉన్నాయి. పశ్చిమ గోదావరిలోని మాధవరం తన సైనికులను తలుచుకుని మిలటరీ మాధవరం అనిపించుకుంది. యుద్ధంలో ప్రాణమిచ్చినవాళ్లకు శిల వెయ్యడం మన ధర్మం. బతికొచ్చి, పిల్లల్ని చదివించి, నలుగురికి సాయపడి మంచం మీద పోయినవాళ్ల పేర్లు కూడా ఊరు దాచుకోవాలి.

ఏటా డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. ఈసారి ఆ రోజుకల్లా మన ఊరి జవాన్ల పుస్తకం ఒకటి తయారుచేద్దాం. పేరు, నంబరు, రెజిమెంటు, చేరిన సంవత్సరం, తిరిగొచ్చిన సంవత్సరం ఉంటే చాలు. మీ ఇంట్లో అలాంటి ట్రంకుపెట్టె ఉంటే పాతసామాన్లకు వెయ్యకండి. అందులోని డిశ్చార్జి పుస్తకం చూసి వివరాలు రాసి ఇవ్వండి. ఇల్లు నడిపిన ఆ జవాను భార్య పేరు కూడా తప్పకుండా రాయండి.